కూర్చుని చూడవలసిన కొండ

పోయిన నెల సెలవులో నేనూ మా ఆవిడా ఇటలీ వెళ్ళాం. ఒక రోజు ఏ పనీ పెట్టుకోకుండా, సముద్రం అంచున కొండమీద కట్టిన ఒక చిన్న ఊరికి రైల్లో పోయాం. తెల్లటి ఇళ్ళు, కిటికీల్లో ఆరేసిన దుప్పట్లు, ప్రతి సందు చివరా హఠాత్తుగా ఎదురయ్యే నీలం. మధ్యాహ్నం దాకా తీరిగ్గా తిరిగి, మెట్లు దిగి నీళ్ళ దగ్గరికి చేరాం. కాళ్ళు లాగుతుంటే కొండకు చెయ్యి ఆనించాను. అరచేతికి తడి ఉప్పు, కింద గరుకు సున్నపురాయి తగిలాయి. నాకు తెలియకుండానే ఆ రాతి మొదట్లో గొంతుక్కూర్చున్నాను. "ఏవండీ, ఏమైనా పారేసుకున్నారా?" అంది మా ఆవిడ. ఏమీ లేదన్నాను.

రాయిని అలా కూర్చుని చూడడం నాకు నేర్పినవాడు రాజలింగం. ఆయన పేరు నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ళ కిందట దోహాలోని మా తెలుగు సంఘం పత్రిక నా ఫొటో వేసి, లుసైల్ ఒడ్డున మధ్యధరా కొండను నిలబెట్టిన ఇంజనీరు అని రాసింది. ఆ మాట నిజం కాదు. వాళ్ళు కల్పించిందీ కాదు, నేను చెప్పిందే. అది చదివినవాళ్ళు ఇది కూడా చదవాలని రాస్తున్నాను.

ఆ పత్రిక రావడానికి కొన్నేళ్ళ ముందు మా కంపెనీ దోహా పక్కనున్న లుసైల్‌లో నీటి ఒడ్డున హోటళ్ళ వీధి ఒకటి కడుతోంది. దాని వెనక, ఇటలీ ఊళ్ళలో ఉన్నట్టు ఒక కొండ కనిపించాలి. ఇనుప జాలీ మీద సిమెంటు చల్లి, అది ఆరకముందే రాయిలా చెక్కాలి. నేను ఫొటోలు ముందు పెట్టుకుని చేయించిన మొదటి నమూనాను కన్సల్టెంటు చూసి, ఇది కొండ కాదు, కేకు అని వెళ్ళిపోయాడు. అందరూ తలలు దించుకుని ఉండగా, బకెట్‌తో సిమెంటు మాలు మోసే హెల్పర్ ఒకాయన నా పక్కన ఆగాడు. ఆయనే రాజలింగం, జగిత్యాల వైపు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. "గిది నీళ్ళు తిన్న రాయి లెక్క లేదు సారూ. నీళ్ళు రాయిని కిందికెల్లి తింటయి" అన్నాడు. నీకెలా తెలుసన్నాను. వాళ్ళ నాయిన బావులు తవ్వేవాడట. చిన్నప్పటినుంచీ రాళ్ళ మధ్యే పెరిగాడట.

ఆ శుక్రవారం ఆయన్ని కారెక్కించుకుని పడమటి ఒడ్డుకు, జెక్రీత్ దాటాక ఉన్న సున్నపురాతి గుట్టల దగ్గరికి తీసుకెళ్ళాను. మా ఆవిడ పులిహోర కట్టిచ్చింది. ఆయన క్యాంపు నుంచి రెండు ఉల్లిగడ్డలు, కాగితంలో కారప్పొడి తెచ్చాడు. నేను గుట్ట చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీస్తుంటే, ఆయన ఒక రాయి మొదట్లో కూర్చుని కదల్లేదు. యల్లా, పోదాం పద, ఎండెక్కుతోంది అన్నాను.

"నిలవడి చూస్తే ఏం కనవడది సారూ. కూసోన్రి."

ప్యాంటు మాసిపోతుందన్నాను.

"రాయికంటె మీ ప్యాంటు ఎక్కువనా?"

కూర్చున్నాను. అప్పుడు కనిపించింది. అడుగున గాలీ నీళ్ళూ కొరికిన గుంతలు, వాటి పైన మిగిలిన పెదవి, ఆ పెదవి నీడ. నేను ఫొటోల్లో చూసింది కొండ పైభాగమే. ఆయన నా వేలు పట్టుకుని ఒక గుంతలో పెట్టి, లోపల ఎటు తిరిగిందో తడిమించాడు. ఎప్పుడో ప్రైమరీ స్కూల్లో నా చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించారు. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ అలా పట్టుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు, దోహా దగ్గర పడ్డాక అడిగాడు. "నా కార్డుల హెల్పర్ అని ఉన్నది సారూ. ఇంటికాడ మావోళ్ళు దుబాయ్ల మేస్త్రీ అని చెప్పుకుంటున్నరు. ఆ మాట నిజం చెయ్యాలె. పని మంచిగొస్తే పెద్ద సార్లకు ఒక్క మాట చెప్పున్రి." చెబుతానన్నాను. కార్డు మీద చెక్కుడు పనివాడని ఉంటేనే తర్వాతి ప్రాజెక్టుకు ఉంచుకుంటారు. హెల్పర్లను పని కాగానే పంపేస్తారు. అది ఇద్దరికీ తెలుసు.

మూడు రోజుల్లో, వంచిన చెంచాతో, అరిగిన చీపురుతో రెండో నమూనా చేశాడు. కన్సల్టెంటు వచ్చి చేత్తో తడిమాడు. తర్వాత, కోటుతోనే కింద కూర్చున్నాడు. చాలాసేపు చూసి, ఎవరు చేశారు ఇది అని ఇంగ్లీషులో అడిగాడు. రాజలింగం రెండడుగుల దూరంలో బకెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేనే చేశానని చెప్పాను. శుక్రవారాలు వెళ్ళి రాళ్ళను పరిశీలించానని కూడా చెప్పాను. ఆ నెల మా ఇంజనీర్లలో కొందరిని తీసేస్తారన్న పుకారు ఉంది. అదే కారణమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను.

ఆ తర్వాత ఐదు నెలలు కొండంతా ఆయనే చెక్కాడు, హెల్పర్ కార్డుతోనే. కార్డు మార్చాల్సినవాళ్ళ పేర్లు పంపమని ఆఫీసు అడిగినప్పుడు ఆయన పేరు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. రాస్తే, మరి నువ్వేం చేశావని అడుగుతారు. పని అయిపోయింది. ఊరికి పంపే జాబితాలో ఆయన పేరు వచ్చింది. బయల్దేరే రోజు సైటు ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి, ఆ ఒక్క మాట చెప్పిండ్రా సారూ అని అడిగాడు. చెప్పాను, వాళ్ళు ఒప్పుకోలేదన్నాను. నా ముఖంలోకి కాసేపు చూశాడు. "మీరు చెప్పిండ్రు గద, సాలు" అని వెళ్ళిపోయాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఏమీ తెలియదన్నదే ఇన్నేళ్ళూ నా ధైర్యం.

ఇటలీ నుంచి దోహా శివార్లలో, అల్ వుకైర్‌లోని మా ఇంటికి వచ్చాక, జగిత్యాల వైపు పనివాళ్ళను అడిగి ఆయన నంబరు సంపాదించాను. ముందు నేనెవరో రాసి, ఇటలీలో చూసిన ఆ కొండ ఫొటో పంపాను. అరగంటకు ఆయనే ఫోను చేశాడు.

"మంచిగున్నది సారూ. ఎవలు చేసిండ్రు?"

"ఎవరూ చెయ్యలేదు రాజలింగం గారూ. అది నిజం కొండే."

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే చెప్పేశాను. లుసైల్ కొండ నేను చేశానని చెప్పానని, మీ గురించి ఎవరికీ ఒక్క మాటా చెప్పలేదని.

"నాకెరుకే సారూ. ఆ దినం నేను ఆడ్నే ఉంటి గద."

మా ఆవిడ పులిహోర ఇంకా గుర్తుందన్నాడు. ఇప్పుడు పని ఏమిటని అడిగితే, మేస్త్రీలకు మాలు అందిస్తున్నానన్నాడు.

లుసైల్‌లోని ఆ కొండను చేసింది రాజలింగం. సంఘం పత్రికకూ, మా కంపెనీకీ ఈ మాట రాసి పంపాను. ఆయనకు కార్డు అవసరమైన రోజులు దాటిపోయాయని తెలిసే పంపాను. మీరు ఎప్పుడైనా అటు వెళితే నిలబడి చూసి వచ్చేయకండి. కొండ మొదట్లో కూర్చోండి. ప్యాంటు మాసినా ఫరవాలేదు.