జడ్జి సాబ్ పళ్ళెంలో వడ్డించిన మాంసం

ఇన్నేళ్ళూ ఈ మాట నా గొంతులో ఎముకలా అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నాకు రాయడం రాదు, చెబుతున్నాను. వినండి, ఓదార్చకండి.

తొంభైల్లో, పెనిమిటి పోయాక, గల్ఫ్ వెళ్ళి సోహార్ పట్నంలో ఒక జడ్జి సాబ్ ఇంట్లో వంటకు కుదిరాను. ఆయన ఓ ముసలి ఖాజీ దగ్గర పని నేర్చుకుని, కొండల్లో చిన్న కోర్టు చూసి, అక్కడిదాకా ఎదిగిన మనిషి. మస్కట్ పెద్ద కోర్టుకు ఆయన పేరు వెళ్ళిందని ఇంట్లో అందరూ సంబరపడుతున్నారు. గుమ్మంలో ఎవరేమిచ్చినా పుచ్చుకోవద్దన్నది ఆయన కట్టుబాటు. పక్కింటి ఖర్జూరాలైనా సరే, వెనక్కి పంపేవారు.

బక్రీదు మధ్యాహ్నం, సాబ్ చుట్టాలింటికి వెళ్ళినప్పుడు, మా జిల్లా మేస్త్రీ ఒకడు మేక తొడ పట్టుకొచ్చాడు. గోడ కూలి కాళ్ళు పోయిన కూలీలు అతను పనిచేసే కంపెనీ మీద వేసిన కేసు సాబ్ ముందే నడుస్తోంది. అది నాకు తెలుసు.

"వద్దు తమ్మీ, సాబ్ ఒప్పుకోడు."

"గిది లంచమా అక్కా? పండక్కి కోసిన కుర్బానీల వాటా. మన ఊర్ల సాయిబులు పంపితే మీయమ్మ ఎన్నడన్న తిప్పి పంపిందా? జడ్జి ఇంట్ల చేరంగనే పెద్దదానివైనవా?"

నిజమే, పండుగ వాటాను మా అమ్మ ఏనాడూ కాదనలేదు. అందుకే తీసుకున్నానా? సాబ్ ఇంట్లో నా మాట చెల్లుతుందని ఊరివాడికి చూపించుకోవాలని లేదూ? ఉంది. ఇంట్లో కోసిన మాంసంలో కలిపి వండేశాను. సాబ్ తిని, బాగుందన్నారు.

తీర్పు కంపెనీ వైపు వచ్చింది. సాక్ష్యం చూసే ఇచ్చి ఉంటారు. కానీ జడ్జికి మా మేక తినిపించామని మేస్త్రీ కూలీల క్యాంపులో గొప్పలు పోయాడు. పైవాళ్ళకు ఫిర్యాదు వెళ్ళింది. సాబ్ నన్ను పిలిచి, ఇంటికి ఏమైనా వచ్చిందా, నిజం చెప్పమని తనకొచ్చిన హిందీలో నెమ్మదిగా అడిగారు.

"సచ్ బోలో. ఘర్ మే కుచ్ ఆయా?"

"కుచ్ నహీ ఆయా, సాబ్."

ఏమీ రాలేదన్నాను. నిజం చెబితే టికెట్ తీసి ఇంటికి పంపేస్తారని భయం. ఆయన నా మాట నమ్మి పైవాళ్ళ ముందు ప్రమాణం చేశారు. ఆ పండుగనాడు మేస్త్రీని బండిలో తీసుకొచ్చిన కంపెనీ డ్రైవర్ మాత్రం గుమ్మంలో ఇచ్చింది చూశానన్నాడు. సాబ్‌కు మస్కట్ కోర్టు ఆశ పోయింది. ఉన్న కుర్చీ కూడా పోయింది. అయినా సాబ్ డ్రైవర్‌దే అబద్ధమన్నారు, "మా ఇంట్లో మనిషి అబద్ధమాడదు" అన్నారు. ఆ మాట విని కూడా నేను వంటింట్లోనే నిలబడ్డాను. కాళ్ళు పోయినవాళ్ళకు మళ్ళీ విచారణ జరిగిందా? అదీ అడగలేదు.

సాబ్ ఉన్నారో లేదో తెలియదు. క్షమించమనే మొహం లేదు. తీసుకున్నది నేను. రాలేదన్నది నేను. ఆయనకు ఏమీ తెలియదు. ఇన్నాళ్ళకు పైకి అన్నాను. కాస్త ఊపిరాడుతోంది, అంతే.