కండక్టరమ్మ గొంతు

కండక్టరమ్మ గొంతు లేస్తే బస్సు వెనక సీటులో కునికిపాట్లు పడేవాడు కూడా ఉలిక్కిపడి టికెట్టు తీసుకునేవాడు. అలాంటి గొంతు అరిచి అరిచి మూగబోయింది. కొన్నాళ్లు పెదవి విప్పొద్దన్నాడు డాక్టరు. ఆ గడువు నిన్నటితో తీరిపోయినా, పలికి చూసుకోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

పిట్టల పిచ్చి ఉన్న మొగుడు సెలవు దొరికితే చాలు, సముద్రపు పాయలో చిన్న పడవేసుకుని తిరుగుతాడు. పెళ్లాన్ని మాత్రం ఏనాడూ రమ్మనలేదు. "నువ్వొస్తే ఇంకేమన్నా ఉందా? కొంగలన్నీ పెట్టేబేడా సర్దుకుంటాయి" అనేవాడు. ఇవాళ, దిగాలుగా కూర్చున్న మనిషిని చూడలేక తనే బతిమాలి తీసుకొచ్చి, చేతికి గాలమిచ్చి కూర్చోబెట్టాడు.

మడచెట్ల మీద కొంగలు తెల్లగా బారులు తీరాయి. ఆయన తెడ్డు ఒళ్లో పెట్టుకుని, బైనాక్యులర్స్ కళ్లకు ఆనించి లోకం మరిచిపోయాడు. పడవేమో నీటి వాలున తిన్నగా ఓ మోడు మీదికి పోతోంది. ఆమె గాలం కర్రతో ఆయన వీపు మీద పొడిచింది.

"ఉష్! లకుముకి పిట్ట" అన్నాడాయన, కదలకుండా.

"హోల్డాన్!"

పాయ దద్దరిల్లింది. కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. పడవకు బ్రేకులెక్కడివి? మోడుకు మెల్లగా గుద్దుకుని ఆగింది. తిట్లు తప్పవనుకుని ఆమె చేత్తో నోరు మూసుకుంది.

ఆయన బైనాక్యులర్స్ దించాడు. కళ్లలో నీళ్లు.

"మళ్లీ అనవే!"

"మరి పిట్టలు?" అందామె మెల్లగా.

"పోతే పోయాయిలే వెధవ పిట్టలు. నువ్వను."

ఆయన తెడ్డు అందుకున్నాడు. ఆమె గొంతు సవరించుకుంది.

"రైట్ రైట్!"