బొంతల గదిలో అత్త పాట

మొన్న ఎండలో ఆరేసిన బొంతను మడతపెడుతుంటే, పాత నూలు చీరల్లోంచి వచ్చిన వెచ్చటి వాసనకు బందరులో మా పెదనాన్న మేడమీద గది గుర్తొచ్చింది. పెదనాన్న క్యాసెట్ల కంపెనీ పెట్టాడు. కంపెనీ అంటే ఆ ఒక్క గదే. బయటి చప్పుడు రాకుండా గోడలకు నాయనమ్మ కుట్టిన బొంతలు కొట్టించి, కిటికీలు బిగించి, మధ్యలో మైకు నిలబెట్టాడు. రికార్డింగుకు ఫ్యాను ఆపేయాలి గనుక పాడేవాళ్లు చెమటతో తడిసిపోయేవారు. పిల్లలమేమో డాబా మీద కాకుల్ని తోలుతూ, వీధిలో ఐస్‌ఫ్రూట్ బండివాణ్ణి గంట కొట్టొద్దని బతిమాలుతూ తిరిగేవాళ్లం.

మా ఇంట్లో పండగల్లాగే కంపెనీ రోజులూ గుర్తుండిపోయేవి. బంటుమిల్లి ఆడవాళ్లు వచ్చి నాట్ల పాటలతో మొదటి క్యాసెట్ నింపిన వానాకాలపు రోజు పెదనాన్న వీధంతా లడ్డూలు పంచాడు. దివిసీమ బుర్రకథ దళం వచ్చినరోజు కథ సగంలో కరెంటు పోతే, అందరూ చేపల పులుసుతో అన్నాలు తిని, మళ్లీ మొదటినుంచీ చెప్పారు.

అన్నిటికన్నా గొప్పరోజు మాత్రం కరుణత్త పాడిన రోజు. అత్త నాన్నకు చెల్లెలు. చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేవారు. కానీ సంఘపెద్ద అయిన తాతయ్యకు, కూతురి గొంతు బజారులో అమ్ముడుపోవడం ఇష్టం లేదు. క్రిస్మస్ పాటల క్యాసెట్ కోసం పెదనాన్న ఎన్నో రోజులు బతిమాలితే, అట్టమీద ఆమె పేరు ఉండకూడదన్న షరతుతో తాతయ్య ఒప్పుకున్నాడు. అత్త అరిసెల పిండి కలుపుతున్న చేతులు కడుక్కుని, మేడెక్కి పాడింది. తలుపవతల నాయనమ్మ కొంగుతో కళ్లొత్తుకుంటూ నిలబడింది. అచ్చయి వచ్చిన అట్టమీద గాయని పేరుండాల్సిన చోట ‘బృందం’ అని ఉంది. అత్త దాన్ని ఒకసారి చూసి, నాయనమ్మ చేతికిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ డిసెంబరులోనే తాతయ్య గుడివాడలో చుట్టాలింటికి బస్సులో వెళ్లాడు. డ్రైవరు ఆ క్యాసెట్టే పెట్టాడట. మాట్లాడుకుంటున్న వాళ్లంతా ఒక్కొక్కరే ఆగిపోయి వినసాగారట. వెనక సీట్లో ముసలామె ఒకావిడ, ఈ పాడే అమ్మాయి ఎవరండీ అని తాతయ్యనే అడిగిందట.

తాతయ్య సాయంత్రానికి ఇల్లు చేరి, చెప్పులైనా విప్పకుండా పెదనాన్నను పిలిచాడు.

“మా అమ్మాయేనండీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదురా. అట్టలు మళ్లీ అచ్చేయించు. చెల్లి పేరు వెయ్యి.”

వంటింట్లోంచి అత్త గొంతు నిదానంగా వినిపించింది. “ఇంటిపేరుతో సహా వెయ్యి అన్నయ్యా.”

తాతయ్య తలవంచుకుని నవ్వుకున్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తకు తనే చేపముక్క వడ్డించాడు.

తర్వాత సీడీలొచ్చాయి, ఫోన్లొచ్చాయి. కంపెనీ మూతపడింది. పెదనాన్న దాచిన అసలు టేపులు ఉప్పుగాలికి బూజుపట్టి పాడయ్యాయి. ఇప్పుడు తాతయ్య లేడు, నాయనమ్మ లేదు, పెదనాన్నా లేడు. ఉబ్బసం వచ్చాక అత్త పాడటం మానేసింది. ఆ క్యాసెట్ ఒక్కటైనా దొరుకుతుందేమోనని బందరులోనూ, మంగినపూడి దారిలోని చర్చిల్లోనూ అడిగి చూశాను. దొరకలేదు. ఆ మాట బాధగా చెబితే అత్త నా జుట్టు సవరిస్తూ అంది.

“పాడాను, విన్నారు. చాలదటే?”

చాలు అన్నాను. ఇంటికొచ్చేదాకా ఆ క్యాసెట్‌లో అత్త పాడిన పాటొకటి లోలోపలే పాడుకున్నాను. రెండో చరణం ఎంతకీ గుర్తు రాలేదు.