దూది పెట్టిన బ్యాండు

మిలిటరీలో బ్యాండ్‌మాస్టరుగా రిటైరై చింతాద్రిపేటలోని ఇంటికి వచ్చిన వారానికే, మా వీధి చివరి పెద్దాయన వచ్చి తీరిగ్గా కుర్చీలో కూర్చుని, "మా మనవరాలి రిసెప్షనుంది నాయనా. నీ మేళం ఆ రోజు ఖాళీయేనా?" అని అడిగాడు. సరిహద్దులో చలికి పెదవులు పగిలి నెత్తురొచ్చినా బాకా దించనివాణ్ణి నేను. యుద్ధమొస్తే వాయిద్యం పక్కన పెట్టి స్ట్రెచరు మోయాలని శిక్షణ పొందినవాణ్ణి. ఇదంతా ఆయనకు ఓపిగ్గా చెప్పాను. ఆయనా అంతే ఓపిగ్గా విని, "ఆమా, ఆమా. సెరి, గుర్రం గూడా మీదేనా, మమ్మల్నే చూసుకోమంటావా?" అన్నాడు. వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వీధిలోకి వినిపించింది.

ఆ ఉక్రోషంలోనే ఒక బడిలో బ్యాండు నేర్పే ఉద్యోగానికి ఒప్పుకున్నాను. కోడంబాక్కం స్టేషనుకు దగ్గర్లో ఉన్న ప్రైవేటు బడి అది. పేరు చివర ఇంటర్నేషనల్ అని ఉంది గాని, అందులోని పిల్లల్లో ఊరి పొలిమేరలోని తాంబరం దాటినవాళ్ళే తక్కువ. దాని కరస్పాండెంటు, అంటే యజమానే, తరాలుగా ఈ తమిళ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబంవాడు. మాట తెలుగులో మొదలుపెట్టి, తమిళంలో నడిపించి, ఇంగ్లీషులో ముగిస్తాడు. ఆయనకు బ్యాండంటే మహా మోజు. మోజు సంగీతం మీద కాదు, ఎర్రకోటు మీద. వాయిద్యాలు రాకముందే యూనిఫాం కుట్టించాడు. భుజాల మీద బంగారు కుచ్చులు, టోపీకి మూరెడు ఈక. అంతటి ఈక నేను ఏ జనరల్ టోపీకీ చూడలేదు.

బాకా అంటే గాలి ఊదడం కాదు, పెదవులు అదరాలి. అందుకని నేను మొదట్లో పిల్లలకు వాయిద్యం ఇవ్వను. నోటికి ఆనించుకునే ఇత్తడి మౌత్‌పీసు ఒక్కటే చేతికిచ్చి, ఇంట్లో సాధన చేసి రమ్మంటాను. దాన్ని ఊదితే బాతు ఏడ్చినట్టుంటుంది. ఇంకేం, అపార్ట్‌మెంట్ల తల్లిదండ్రులు వాట్సాప్‌లో నా మీద దండెత్తారు. మా వాడు కోడింగ్ క్లాసులో కూడా పెదవులు అదరగొడుతున్నాడని ఒకాయన వాపోయాడు. ఒక్క తల్లి మాత్రం ఫిర్యాదు చేయలేదు. స్టేషను మెట్ల పక్కన ఇడ్లీలమ్మే మనిషి ఆమె. కూతురు మా బాకాల వరుసలో చివర నిలబడుతుంది. పొద్దున ఇడ్లీలు ఉడికేదాకా ఆ పిల్ల పొయ్యి పక్కన కూర్చుని ఊదేదట.

"టిఫినుకొచ్చినోళ్ళు, ఏందమ్మా, లోపల బాతుల్ని పెంచతుండావా అంటా ఉండారు సార్," అని ఆ తల్లి గేటు దగ్గర నాతో గొప్పగా చెప్పుకుంది.

ఏడాది తిరిగేసరికి వాళ్ళకు ఒక కవాతు పాట వచ్చింది. వచ్చిందంటే, అది ఫలానా పాట అని పోల్చుకునేంత వచ్చింది. ఇడ్లీలమ్మ కూతురు పైస్వరానికి ఎక్కేటప్పుడు ప్రతిసారీ జారేది, జారి మళ్ళీ పట్టుకునేది. నాకు ఆ జారుడంటే ప్రాణం. బడి వార్షికోత్సవంలో అమ్మానాన్నల ముందు వాయిద్దురుగాని అని పిల్లలకు మాటిచ్చాను. ఆ మాట కోసమే వాళ్ళు ఎండలో మైదానం చుట్టూ తిరిగారు.

వార్షికోత్సవం దగ్గర పడ్డాక కరస్పాండెంటు రిహార్సలుకు వచ్చాడు. పాట విని, వేపాకు నమిలినట్టు ముఖం పెట్టాడు.

"సార్, ఇదంతా వేండాం, వద్దు సార్. చీఫ్ గెస్టు పెద్ద మనిషి. నేను స్టూడియోలో మంచి ట్రాక్ చేయిస్తా. పిల్లలు ఊరికే పట్టుకోని నడిస్తే చాలు."

"ఊరికే పట్టుకోవడమేమిటండీ? వాళ్ళకు వాయించడం వచ్చు."

"సార్, ఇది కోడంబాక్కం, సినిమాలోళ్ళ పేట. ఈడ హీరో పాడతాడా? నోరు ఆడిస్తాడు. విజిల్ కొట్టేవాడు ఎవడన్నా అడిగినాడా?"

నేను ఒప్పుకోనంటే, "అయితే బ్యాండే వేండాం సార్, ఆ రూములో రోబోటిక్స్ పెట్టేస్తాం" అన్నాడు. నేను రాజీనామా మొహాన కొట్టి పోగలను. కానీ పిల్లల చేతుల్లోంచి వాయిద్యాలు పోతాయి. పళ్ళు నూరుకుంటూ తలూపాను. ఎవరైనా మరిచిపోయి నిజంగా ఊదేస్తారేమోనన్న అనుమానం కూడా ఆయనకే వచ్చింది. మర్నాడు మందుల షాపునుంచి దూది తెప్పించి, ప్రతి మౌత్‌పీసులోనూ కుక్కించాడు. గాయానికి పెట్టాల్సిన దూది బాకాకు పెట్టిన బ్యాండు, నాకు తెలిసి, దేశంలో మాదొక్కటే. చిన్న డ్రమ్ముల్ని కొట్టొద్దన్నాడు. అడుగులు కలవాలి గదా అని పెద్ద డ్రమ్ము ఒక్కదాన్ని మాత్రం వదిలేశాడు.

అక్కడే దొరికిపోయాడు. మిలిటరీ బ్యాండుకు ఒక కట్టుబాటుంది. నడుస్తూ వాయించేటప్పుడు పెద్ద డ్రమ్ము వెంటవెంటనే రెండు దెబ్బలు గట్టిగా కొట్టిందంటే, అందరూ ఒక్కసారిగా ఆపి వాయిద్యాలు దించాలి. వేదిక ముందుకు రాగానే ఆ రెండు దెబ్బలు పడాలి. ఆకాశం విరిగి నెత్తిన పడినా ఆ దెబ్బలకు ఆగి తీరాలని పిల్లలకు నూరిపోశాను. రిహార్సల్లో నడకా, స్టూడియో ట్రాకూ సరిగ్గా ఒకేచోట ముగిశాయి. తీరా ఆ రోజు వీఐపీ సోఫాలకు చోటు చాలక వేదికను మైదానం నడిమికి జరిపారు. ఆ సంగతి బ్యాండ్‌మాస్టరుకు చెప్పాలని ఎవరికి తోస్తుంది? నేను వెనక వరుసలో ఎవరిదో ఈక సరిచేస్తూ ఉండగానే పాట పెట్టేశారు, బ్యాండు కదిలింది.

స్పీకర్లలో బ్రహ్మాండమైన కవాతు. పిల్లలు బుగ్గలు పూరించి, ఊదుతున్నట్టే నడిచారు. పాట సగంలో ఉండగానే వేదిక వచ్చేసింది. ధడ్, ధడ్. రెండు దెబ్బలు పడ్డాయి. పిల్లలందరూ ఒక్కసారిగా వాయిద్యాలు దించి అటెన్షన్‌లో నిలబడ్డారు. నా సర్వీసు మొత్తంలో అంత చక్కటి ముగింపు చూడలేదు. పాట మాత్రం ముగియలేదు. స్పీకర్లలో బాకాలూ క్లారినెట్లూ హుషారుగా సాగిపోతున్నాయి, ఎదురుగా బ్యాండు నోరు మూసుకుని వింటోంది. చీఫ్ గెస్టు చప్పట్లు మొదలుపెట్టి, ఎప్పుడు ఆపాలో తెలియక కొడుతూనే ఉన్నాడు. "ఆఫ్ పణ్ణుడా!" అని కరస్పాండెంటు మైకులోనే అరిచాడు. పాట గుటుక్కుమంది.

జనంలో నవ్వులు లేచాయి. పిల్లలు బిత్తరపోయి నావైపు చూశారు, చెప్పినట్టే గదా ఆగాం అన్నట్టు. నాకు ఒళ్ళు మండిపోయింది. ముందుకు నడిచి, పరేడ్ గ్రౌండు గొంతుతో, "బ్యాండ్! దూది తీయ్!" అన్నాను. అలాంటి ఆర్డరు ఏ సైన్యంలోనూ లేదు. వాళ్ళు మాత్రం చిటికెనవేళ్ళతో దూది పీకి నేలన పారేశారు. చెయ్యెత్తాను.

వాయించారు. బాగా వాయించారంటే కళ్ళు పోతాయి. క్లారినెట్లు బస్సు తప్పిపోతుందన్నట్టు ముందు పరిగెత్తాయి. డ్రమ్ములు వాటిని తరిమాయి. పైస్వరం దగ్గర ఒక బాకా జారి, మళ్ళీ పట్టుకుంది. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు.

తర్వాత చీఫ్ గెస్టు తన ప్రసంగంలో, మొదటిసారి పిల్లలు అద్భుతంగా వాయించారనీ, రెండోసారి వేసిన రికార్డింగే పాపం పాడైనట్టుందనీ అన్నాడు. కరస్పాండెంటు ముఖం మతాబులా వెలిగింది. "చూసినారా సార్, మంచి ట్రాక్ అంటే అదీ" అని నా భుజం తట్టి, అదే చేత్తో వచ్చే ఏడాది నుంచి రోబోటిక్సని చెప్పాడు. రోబోలకు దూది ఖర్చుండదు గదా.

గేటు దగ్గర ఇడ్లీలమ్మ కూతురి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. కొత్త చీర కట్టుకుంది. నన్ను చూసి రెండడుగులు ముందుకొచ్చింది.

"సార్, ఒక మాట అడగతా, కోపం చేసుకోబాకండి. మా పాప ఏం తప్పు చేసింది సార్?"

"తప్పా? ఏమీ చేయలేదమ్మా. ఎందుకట్లా అడుగుతున్నావు?"

"మరి మొదటి పాటలో దాన్ని ఊదనీలేదే? నేనాడ ఎంత చెవి పెట్టినా పాపది వినబడలా. రెండోసారే గదా ఊదింది."

ఆ పిల్ల జేబులోంచి మౌత్‌పీసు తీసి, బ్యాండు లేదంట గదా సార్ అంటూ నా చేతిలో పెట్టబోయింది. పిల్ల వేళ్ళు దాని మీద మూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నాను. అది బడి సొత్తు. కరస్పాండెంటు అడిగినప్పుడు, దూదితోపాటు ఎక్కడో పడిపోయిందని చెప్పాను.