అవసరం లేని సర్వీసు

కోసాడ్ కాలనీలోని ఇంటినుంచే సచిన్ పారిశ్రామికవాడలోని బట్టల మిల్లు సర్వర్‌ను చూసుకునే హారతి, రోజూ పొద్దున్నే అందులో నడుస్తున్న సర్వీసుల జాబితాను వేలితో తాకుతూ చదువుతుంది. అక్కర్లేనిది కనబడితే పళ్లు బిగించి ఆపేస్తుంది. దొంగలు దూరే దారి ఒకటి మూసుకుపోతుంది. తొలి లాక్‌డౌన్‌లో, ఇరవై ఏళ్లు ఆ మిల్లులోనే మరమగ్గం నడిపిన ఆమె తండ్రి కనకయ్యను మేనేజర్ విశ్వనాథం "ఇక నీ అవసరం లేదు" అని ఫోన్లోనే తీసేశాడు. ఇవాళ ఆమె వేలు జాబితాలోని టెల్నెట్ మీద ఆగింది. పాస్‌వర్డ్‌ను దాచకుండా పంపే ఆ పాత సర్వీసును, ఇంట్లో కూర్చుని కూలీల హాజరు చూడటానికి విశ్వనాథం ఒక్కడే వాడతాడు. ఆపేసింది. బదులుగా భద్రమైన దారి పెట్టడం ఐదు నిమిషాల పని, పెట్టలేదు. ఫోన్ మోగితే స్పీకర్ నొక్కింది. "ఏమ్మా, నాకు సర్వర్ తెరుచుకోవట్లేదేంటి?" విశ్వనాథం గొంతు వినగానే, పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న కనకయ్య దిగ్గున లేచి నిలబడ్డాడు. "అవసరం లేనియన్ని బంద్ జేసిన సార్," అంది హారతి. ఫోన్ పెట్టేయకుండానే తండ్రివైపు తిరిగింది. "నువ్వు కూసో నాయినా."