పన్నెండు పైపుల రిహార్సల్

లాల్‌దర్వాజా గుండయ్య రిహార్సల్ లేకుండా ఏ పనీ చేయడు. తుమ్ము ఒక్కటే నేరుగా తుమ్ముతాడని గల్లీలో అంటారు. దానికీ ముందు రెండుసార్లు ముక్కు ఎగబీలుస్తాడని భార్య ఆగమ్మ అంటుంది.

తిరుపతి ప్రయాణమంటే ముందురోజే సామాన్లతో సహా అందరినీ కాచిగూడ స్టేషన్‌కు తీసుకెళ్లి, బెంచీ మీద పులిహోర తినిపించి, వెనక్కి తీసుకొచ్చాడు. "రేపు ఇదే బెంచీ. ఎవ్వలు యాడ గూసున్నరో యాదికి పెట్టుకోర్రి" అన్నాడు. మర్నాడు ఆ బెంచీ మీద ఇంకెవరో కూర్చున్నారు. ఆ లొల్లిలో రైలు తప్పిపోయేదే.

కూతురు స్రవ్య పెళ్లిచూపులకు మరీ ఘోరం. పెళ్లికొడుకు తండ్రి వేషం తనే కట్టి, పళ్లెంలో మిఠాయంతా ఖాళీ చేసి, అరగంట ప్రశ్నలడిగి, "ఇంటికి పోయి చెప్తం" అంటూ చెప్పులేసుకుని గల్లీ చివరిదాకా వెళ్లిపోయాడు. పిల్ల నిజంగానే ఏడ్చింది.

అలాంటి మనిషి ఇంట్లో, బోనాలు ఇంకో ఆరు రోజులున్నాయనగా, బోరు మోటారు కాలిపోయింది. ఆ బోరు మీద సొంతిల్లు కాక మూడు అద్దె వాటాలు బతుకుతున్నాయి. గల్లీలోకి ఆటో వస్తేనే గోడలు గీసుకుంటాయి, ఇక ట్యాంకరు మాట దేవుడెరుగు. మోటారు పైకి తీయక తప్పదు. గుండయ్య డానియేలును పిలిచాడు.

గల్లీ అంతా గొల్లుమంది. నెల కిందట ఈ డానియేలే పక్క గల్లీలో మోటారు తీస్తుంటే పైపును పట్టి ఉంచే క్లాంపు జారి, మోటారూ పైపులూ మూకుమ్మడిగా బోరులోకి వెళ్లిపోయాయి. ఆ బోరు పూడ్చేశారు. పదిహేనేళ్ల పనితనం ఒక్క పూటలో పూడిపోయింది. అప్పటినుంచి డానియేలు నల్లాలు బిగిస్తూ రోజులు గడుపుతున్నాడు. పైగా ఒక సంగతి అతను ఇంట్లో భార్య స్వీటీకి కూడా చెప్పుకోలేదు. క్లాంపు పట్టుకుంటే చాలు, చేతులు వణుకుతున్నాయి. ఈ బోరు కూడా పోతే ఇక బోల్టులు బిగించే పానాలు అమ్ముకోవడమే.

"అన్నా, వాడెందుకే? మొన్ననే ఒక మోటారును బొంద వెట్టిండు గద!" అన్నాడు ఎదురింటి బాలరాజ్, డానియేలు వింటుండగానే.

"గందుకే పిలిచిన. పడేసుడు రిహార్సల్ అయిపోయింది. ఇగ తీసుడే ఉన్నది" అన్నాడు గుండయ్య.

డానియేలు తల వంచుకున్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

మంగళవారం మొదటి రిహార్సల్. బోరు జోలికి పోకుండా, వాకిట్లో బాలరాజ్‌ను నిలబెట్టాడు గుండయ్య.

"నువ్వు పైపువు. కదలకు. డానీ, క్లాంపు పెట్టు."

"నడుముకా బాపూ?"

"పైపుకు నడుమేంది రా? యాడ దొరికితే ఆడ పెట్టు!"

"అన్నా, చక్కిలిగిలైతుంది" అన్నాడు బాలరాజ్.

"పైపు మాట్లాడొద్దు!"

నెలరోజుల తర్వాత డానియేలు మొదటిసారి నవ్వాడు. బుధవారం బోరు మీద మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, గొలుసు కప్పీతో ఆగమ్మ రుబ్బురోలును పైకెత్తించాడు గుండయ్య. ఏడుసార్లు ఎత్తి ఏడుసార్లు దించారు. "మోటారు కాలితె నా రోలును ఉరి తీస్తున్నవేందయ్యా!" అని ఆగమ్మ నెత్తి కొట్టుకుంది.

గురువారం పొద్దున డానియేలు బోరులోకి తొంగిచూశాడు. లోపల పన్నెండు పైపులు, చివర మోటారు. ఒక్క క్లాంపు జారితే అన్నీ పాతాళానికే. గల్లీ జనమంతా గోడలెక్కి చూస్తున్నారు.

గుండయ్య తాపీగా కండువా దులిపాడు. "ఇయ్యాల గూడ రిహార్సలే. అసలు పని రేపు. ఒక్క పైపు తీసి సూస్తం, మల్ల దించేస్తం. ఫికర్ జెయ్యకు."

డానియేలుకు ప్రాణం లేచొచ్చింది. రిహార్సలే కదా! మొదటి పైపు లేచింది. కింద క్లాంపు బిగించాడు, పైపు విప్పాడు, గోడకు ఆనించాడు.

"దించుదామా బాపూ?"

"ఆగు. రెండోదానికి రిహార్సల్ గాలే."

రెండోదయ్యాక మూడోది అలుగుతుందన్నాడు. నాలుగోదాన్ని వదిలేస్తే సగం రిహార్సల్ శుభం కాదన్నాడు. ఐదో పైపుకు డానియేలు కూనిరాగం తీస్తున్నాడు. ఏడో పైపు దగ్గర గొలుసు సర్రున జానెడు జారింది. గోడల మీద జనం కెవ్వుమన్నారు. డానియేలు చేతులు ఆలోచించలేదు. క్లాంపు బోల్టును ఒక్క తిప్పుతో బిగించేశాయి. పైపు ఆగిపోయింది.

"గొలుసు గట్టిగ వట్టు బాలరాజన్నా! రిహార్సల్‌లనే గిట్ల జేస్తె అసల్‌ల ఏం జేస్తవ్?" అని గద్దించాడు డానియేలు.

పన్నెండో పైపు వెంట, బురద కారుతూ మోటారు పైకొచ్చింది. దాన్ని పసిపిల్లలా నేల మీద పడుకోబెట్టి, డానియేలు చెమట తుడుచుకున్నాడు.

"రిహార్సల్ మంచిగైంది బాపూ. మరి రేపు అసలు..." అంటూ మోటారు వైపు చూసి నోరు తెరిచేశాడు. గల్లీ అంతా చప్పట్లు, ఈలలు! అతను తన చేతుల వైపు చూసుకున్నాడు. వణకడం లేదు.

"నా చేతుల సంగతి నీకెట్ల తెలుసు బాపూ?"

"మొన్న మా నల్లా బిగియ్యనీకె వస్తివి గద. సంచిలకెల్లి క్లాంపు తీసి పక్కకు వెట్టేటప్పుడు గా వణుకుడు సూసిన. అసలంటే నీ చేతులకు భయం, రిహార్సలంటే ఏం భయం రా?" అన్నాడు గుండయ్య, ఇంకెవరికీ వినబడకుండా.

డానియేలుకు ఆయన కాళ్లు పట్టుకోవాలనిపించింది. అలాంటివి గుండయ్యకు గిట్టవని ఊరుకున్నాడు.

శనివారం, కాలిన తీగ తీసి కొత్తగా వైండింగ్ చేయించిన మోటారు బోరులోకి దిగింది. స్విచ్ వేయగానే ఎర్రనీళ్లు, ఆ వెంటే తెల్లనీళ్లు గోడలదాకా ఎగజిమ్మాయి. ఆగమ్మ బిందెలు పట్టడం మానేసి కొంగు పట్టింది. నిలువునా తడిసిన బాలరాజ్ వచ్చి డానియేలు భుజం మీద చెయ్యేశాడు.

"డానన్నా, మా బోరు గూడ సతాయిస్తుంది. ఎప్పుడొస్తవ్?"

"బోనాలు కాంగనే, సోమారం పొద్దుగాల" అన్నాడు డానియేలు, ఛాతీ విరుచుకుని. "రిహార్సల్ లేదు గిహార్సల్ లేదు. నేరుగ పనే."

గుండయ్య మొహం చిన్నబోయింది. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"నేరుగనా? మంచిగనే ఉన్నది. గని నేరుగ ఎట్ల మొదలువెడ్తవో, ఒక్కసారి జేసి సూపియ్యి."