పాత స్కీ ముక్కలో ఒక స్టీలు గూడు

పని ముగించిన ప్రతిసారీ బోర్గిల్డ్ కళ్ళు మూసుకుని, మంచు మీద జారే స్కీ చెక్క మీద బొటనవేలు నడిపిస్తుంది. వేలికి ఏదీ తగలకూడదు. పైకి లేచినా తప్పే, లోపలికి దిగిపోయినా తప్పే.

ఆ వేలు వెతికేది చిన్న స్టీలు గూళ్ళను. వాటికి బయటా లోపలా స్క్రూకున్నట్టు మరలుంటాయి. స్కీ చెక్కకు రంధ్రం చేసి, జిగురు పూసి, వాటిని తిప్పి దించుతుంది. బూటును పట్టే బైండింగు స్క్రూలు ఇక ఆ స్టీలులోనే బిగుస్తాయి. ఎన్నిసార్లు విప్పినా చెక్క అరగదు. నార్వేలో ఓర్స్టా ఊరు దాటాక సముద్రపు పాయ ఒడ్డున ఉన్న పడవల షెడ్డే ఆమె పనిచోటు.

ఆమెకొక పద్ధతి ఉంది. గూళ్ళు దించిన రోజే, అదే జిగురుతో, పాత స్కీ ముక్కలో ఇంకొకటి దించుతుంది. స్కీలు ఎవరివో వాళ్ళు వచ్చాక, జిగురు ఎంత గట్టిగా పట్టిందో చూపడానికి వాళ్ళ ఎదుటే దాన్ని పీకుతుంది.

ఆర్న్‌ఫిన్ మంచు కింద చిక్కినవారిని వెతికే కుక్కను నడుపుతాడు. కిందటి శీతాకాలం తన ఇంటి వెనక కొండవాలులో బైండింగు స్క్రూలతో సహా ఊడిపోయి పడ్డాడు. మోకాలు నయమైంది. అతను మాత్రం మళ్ళీ కొండెక్కలేదు. కుక్కను వేరొకరికి అప్పగించే మాట నడుస్తోంది.

స్కీల కోసం వచ్చి, కాఫీ కప్పుతో, బోర్గిల్డ్ కాల్చిన వాఫిళ్ళనే గళ్ళ అట్ల పళ్ళెం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"పీకు మరి, చూద్దాం. ఊడితే ఆ వాఫిళ్ళన్నీ నావి."

"ఊడితే చెక్కను పట్టుకుని ఊడాలి. కదలకుండా కూర్చో."

ముక్కను బల్లకు బిగించింది. గూట్లో బోల్టు తిప్పి, పడవ ఇంజన్లు ఎత్తే గొలుసు తగిలించి లాగింది. గూడు నున్నగా బయటికొచ్చేసింది. దాని మరల్లో చెక్కపొట్టు కూడా లేదు.

"సరిపోయింది," అన్నాడు ఆర్న్‌ఫిన్. "కుక్కని టోర్గెయిర్‌కే ఇచ్చేస్తా. వాడికి భయం లేదు, బుర్రా లేదు."

బోర్గిల్డ్ గూడును ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నూనె వాసన. మర కోసినప్పటిది. కొత్త సరుకు కదా, కడగకుండానే దించేశాను."

"అంటే నా స్కీల్లోవి?"

"అవీ అంతే. తప్పు నాదే. జిగురు నూనెను పట్టుకుంది, స్టీలును పట్టుకోలేదు. అన్నీ తీసి మళ్ళీ దించుతా."

"ఇంత జరిగాక కూడా ఏం ధీమా నీది?"

"ఎందుకు ఊడిందో తెలిసింది కదయ్యా. తెలీకపోతే భయపడాలి. రేపు వస్తావా?"

"కుక్క లాక్కొస్తే వస్తా."

వాఫిళ్ళు ఒక్కటీ మిగల్చకుండా వెళ్ళిపోయాడు.

ఆమె వేడి కడ్డీ ఆనించి ఒక్కో గూటి జిగురును మెత్తబరిచి తీసింది. స్పిరిట్‌తో కడిగింది. మళ్ళీ దించి, స్కీలను పొయ్యికి దగ్గరగా నిలబెట్టింది. పాత ముక్కలోనూ ఒకటి దించింది.

మర్నాడు పొద్దున ఆ ముక్కలోని గూటిని పీకింది. ఈసారి గొలుసు చాలాసేపు మూలిగింది. గూడు చుట్టూ చెక్క పెళ్ళతో వచ్చింది. ఆర్న్‌ఫిన్ కోసం ఎదురుచూడలేదు. అతని బైండింగులు బిగించి, తన బూట్ల కొలతకు జరుపుకుని, అతను పడిన వాలు ఎక్కి, దాని మీదుగానే దిగింది. అతని గుమ్మం ముందు స్కీలు విప్పి, బైండింగులను అతని కొలతకు జరిపి, తలుపు తట్టింది.